ముక్కలుగా వచ్చిన పాక

తుమ్మలవాగు దాటి, పుల్లలేరుకునేవాళ్ళు కూడా వెళ్ళనంత లోపలికి పోతే ఒక అడవి వస్తుంది. అక్కడి జంతువులు మనలాగే మాట్లాడతాయి, మనకంటే కాస్త తక్కువ అబద్ధాలాడతాయి. నక్కను మాత్రం ఆ లెక్కలో కలపకండి.

ఆ వాగు ఒడ్డున బొల్లన్న అనే ఎద్దు ఉండేవాడు. నుదుట తెల్లమచ్చ ఉంది గనక ఆ పేరు. వయసులో ఉన్నప్పుడు ఏదో ఊళ్ళో కాడి మోసి, ఒకనాడు పలుపు తెంచుకుని ఇటు వచ్చేశాడు. మహా ఓపిక మనిషి. ఎద్దును పట్టుకుని మనిషంటారేమిటని అడక్కండి, మనుషుల్లో అంత ఓపిక ఈ మధ్య నాకు కనబడలేదు. ఎవరేం చెప్పినా నెమరు వేస్తూ వింటాడు. విన్నదాన్ని కూడా గడ్డిలాగే రెండోసారి నములుకుంటాడు. అందుకని జవాబు కాస్త ఆలస్యంగా వస్తుంది. చాలామంది అది చూసి మందబుద్ధి అనుకున్నారు.

బొల్లన్నకు ఉన్న దిగులల్లా వానాకాలం. అక్కడిది నల్లరేగడి నేల. నాలుగు చినుకులు పడితే చాలు, గిట్ట దిగబడుతుంది, తీస్తే రాదు. పోయిన ఏడాది ఆ బురదలో నిలబడి నిలబడి గిట్టల సందున పుళ్ళు పడ్డాయి. చలికాలం వచ్చేదాకా కుంటుతూనే ఉన్నాడు. ఈసారి కూడా అలాగే అయితే ఇక లేచి నిలబడలేనని అతనికి తెలుసు. లేవలేని ఎద్దు ఎప్పుడు దొరుకుతుందా అని ఎదురుచూసేవాళ్ళు ఆ అడవిలో లేకపోలేదు. అందుకే వానలు పడేలోగా తల దాచుకోవడానికి, అంతకంటే ముఖ్యంగా కాళ్ళు దాచుకోవడానికి, ఒక పాక కట్టుకోవాలనుకున్నాడు.

అనుకున్న మాట ఎవరికో చెబుతుండగా నక్క సోమలింగం చెవిన పడింది. వాగు ఇసుకలో బొల్లన్న వేసుకున్న దోసపాదు మీద సోమలింగానికి అప్పటికే కన్నుంది. కాయలు పండుబారి, గాలి ఇటు తిరిగినప్పుడల్లా వాసన గుప్పుమంటోంది. ఆ వాసన వెంటే నడుచుకుంటూ వచ్చి ఎద్దు పక్కన చతికిలబడ్డాడు.

"పాకంటే ఏమనుకున్నావు మావా? గుంటలు తవ్వడం ఒక విద్య. గుంజలు తేవడం ఇంకో విద్య. వాటికి బెజ్జాలు పెట్టడం, పైన కప్పు నేయడం, దేనికదే. నీకు లాగడం తప్ప ఏం వచ్చు?"

"అదీ నిజమేలే అల్లుడూ," అన్నాడు బొల్లన్న కాసేపు నమిలి.

మూడు గుట్టల అవతల తనకు తెలిసిన నిపుణులున్నారని సోమలింగం చెప్పాడు. పనిని ముక్కలు చేసి ఎవరి ముక్క వాళ్ళకు పంపిస్తాడట, ముక్కలన్నీ తయారై వస్తే కలిపి నిలబెట్టడమేనట. వాళ్ళెవరో బొల్లన్న అడక్కూడదు, బొల్లన్న ఎవరో వాళ్ళకు చెప్పడు. పెద్ద పెద్ద పనులన్నీ ఇప్పుడిలాగే జరుగుతున్నాయన్నాడు. దీనికంతటికీ బొల్లన్న ఇవ్వాల్సింది దోసపాదు మాత్రమే. అదీ ఇప్పుడే కాదు, పాక నిలబడి అందులో పడుకున్న రోజున ఇస్తే చాలు.

బొల్లన్న పాదు వైపు ఒకసారి, తన గిట్టల వైపు ఒకసారి చూసుకున్నాడు. దోస వచ్చే ఏడాదైనా కాస్తుంది, కాళ్ళు మళ్ళీ రావు. సరేనన్నాడు.

బొల్లన్నకు అప్పుడు తెలియని సంగతి మీకు ముందే చెప్పేస్తాను. మూడు గుట్టల మాట అటుంచండి, సోమలింగం మొదటి గుట్ట కూడా ఎప్పుడూ దాటలేదు. అతని దగ్గరున్నది ఒకే ఒక్క గోరింక, పేరు రత్తాలు. అడవంతా తిరుగుతుంది, ఎక్కడ పడితే అక్కడ వాలుతుంది, ఎవరితోనైనా ఇట్టే మాట కలుపుతుంది. సోమలింగం ఆమెను పిలిచి పని నాలుగు ముక్కలు చేసి చెప్పాడు. ఎవరొప్పుకుంటే వాళ్ళకివ్వు, పని ఎవరిదో చెప్పకు, చేసేదెవరో నాకూ చెప్పకు, తలా ఒక దోసపండు ఇస్తామను, అన్నాడు. చేసేవాడికి చేయించుకునేవాడు తెలిసిపోతే మధ్యలో తనతో పనేముందని అతని భయం. ఆ భయం న్యాయమైనదే.

గోరింకలు పురుగుల కోసం ఎక్కువగా వాలేది ఎక్కడ? పశువుల వీపు మీద. రత్తాలు మర్నాడు పొద్దున్నే వచ్చి బొల్లన్న వీపు మీదే వాలింది.

"తాతా, చిన్న పనుంది చేస్తావా? మంచి గుంజలు నాలుగు చూసి వాగు మలుపు దాకా లాక్కొచ్చి పడేయాలంట. ఒక దోసపండు ఇస్తారంట."

"ఎవరిదమ్మా పని?"

"అది చెప్పకూడదంట."

తను కాక ఈ చుట్టుపక్కల ఇంకెవరో కూడా దోస వేశారన్నమాట అని బొల్లన్న సంతోషించాడు. తన పాదు ఎలాగూ అల్లుడి పాలు కాబోతోంది, ఒక్క పండైనా దక్కుతుంది కదా అనుకున్నాడు. పైగా నిపుణులు పని చేస్తుంటే ఖాళీగా నిలబడి ఉండటం అతనికి తోచలేదు.

ఆ రోజంతా అతను హాయిగా గడిపాడు. గాలికి పడిపోయిన మద్దిచెట్లలో వెతికి, మంచి వంపు తిరిగిన గుంజలు నాలుగు ఏరాడు. కాడి మోసినవాడి కళ్ళు కదా, కాడీ వంపే, నాగలీ వంపే, కర్రకు వంపు లేకపోతే అదేం కర్ర అని అతని నమ్మకం. అడవితీగ మెడకు తగిలించుకుని ఒక్కొక్కటే లాక్కొచ్చాడు. ఎడమకొమ్ము దురద పెడితే లాగిన కర్రకేసి గీసుకోవడం అతనికి చిన్నప్పటి అలవాటు. ఆ నాలుగింటికీ గీసుకున్నాడు. ఎవరికోసమో తెలియకపోయినా పుచ్చున్న కర్ర ఒక్కటీ తేలేదు. కట్టుకునేవాడెవడో గాని సుఖంగా ఉండాలని మనసులో అనుకుని ఇంటికొచ్చి పడుకున్నాడు.

పడమట మబ్బు పట్టిన రోజున సోమలింగం హడావుడిగా వచ్చాడు. అన్నీ తయారైపోయాయన్నాడు. బొల్లన్న దూరంగా మేతకు పోయినప్పుడే గుంటలు తవ్వేశారు. కప్పు అదిగో ఆ పొద మీద పెట్టి ఉంది. గుంజలు మాత్రం బెజ్జాలు కూడా పెట్టించుకుని వాగు మలుపు దాకా వచ్చి ఆగాయట. ఆ కాస్త దూరం లాక్కొస్తే అయిపోతుందని మావగారిని పురమాయించాడు.

బొల్లన్న వెళ్ళి చూశాడు. నాలుగు గుంజలు, నాలుగింటికీ కొమ్ము గీతలు. తన ఎడమకొమ్ము మొన కొంచెం విరిగి ఉంటుంది గనక గీత జంటగా పడుతుంది. ఆ జంట గీతలు చూసి చాలాసేపు నమిలాడు. తర్వాత తీగ తగిలించుకుని, ఒకసారి లాగిన గుంజల్ని రెండోసారి లాక్కొచ్చాడు.

"ఇవి తెచ్చిందెవరు అల్లుడూ?" అని తాపీగా అడిగాడు.

"ఆయన మామూలోడు కాదు మావా. మూడు గుట్టల అవతల ఉంటాడు. చెట్టును దూరం నుంచి చూసి కర్ర ఎలాంటిదో చెప్పేస్తాడు. నీలాంటోళ్ళు పదిమంది కలిసినా ఆయన గిట్టకు సరిపోరు."

"ఆయనకు గిట్టలున్నాయా?"

"ఎందుకుండవు, అన్నీ ఉన్నాయి," అన్నాడు సోమలింగం తడుముకోకుండా.

ఊళ్ళో అన్నేళ్ళు కాడి మోసినా బొల్లన్నను అలా మెచ్చుకున్నవాళ్ళు లేరు. మోసం తెలిసిపోయినా సరే, ఆ మాటలు వింటుంటే ఒళ్ళు పులకరించింది. ఇంకాస్త చెబితే బాగుండుననిపించింది కూడా. సోమలింగం అప్పటికే పనిలోకి దిగాడు.

మొదటి గుంజ గుంటలో పెట్టారు. దిగింది. దిగి ఆగకుండా ఇంకా దిగింది. పక్కకు ఒరిగి జారిపోయి, దాని కొస చూస్తే అవతల పొద వెనకనుంచి బయటికి తొంగిచూస్తోంది. రెండోదీ అంతే. పోనీ గుంజలకు తీగ దూర్చి కట్టేద్దామంటే, పెట్టిన బెజ్జాలు ఇటునుంచి అటు పోలేదు. ఒక్కొక్కటీ లోపల గుండ్రంగా, నున్నగా, అడుగున మెత్తటి పొట్టుతో ఉంది. ఇక కప్పు సంగతి. ఎంతో అందంగా, చుక్క నీరు దూరనంత బిగువుగా నేసిన బుట్ట అది, కిందికి ఒక గొట్టం వేలాడుతోంది. సోమలింగం దాన్ని ఎగిరి బొల్లన్న తలకు తొడిగాడు. ఒక చెవి దాకా వచ్చింది.

"నిపుణుల పని మనబోటివాళ్ళకు ఒక పట్టాన అర్థం కాదు మావా," అన్నాడు సోమలింగం. అంటున్నప్పుడు అతని గొంతు కూడా కాస్త తడబడింది. పడమట ఉరిమింది.

బుట్ట తలమీద ఉండగానే బొల్లన్న రత్తాలును పిలిచాడు. ఈ పనుల్లో ఏ ముక్క తీసుకున్నవాళ్ళనైనా సరే రమ్మను, దోసపళ్ళు ఇక్కడిస్తామని చెప్పు, అన్నాడు.

సోమలింగం గతుక్కుమన్నాడు. "అది రహస్యం మావా. ఒప్పందం ఉంది."

"పళ్ళు ఇవ్వడం కూడా రహస్యమేనా అల్లుడూ?"

రత్తాలు ఎగిరి నాలుగు కేకలు వేసిందో లేదో, పక్క మద్దిచెట్టు మీదనుంచి వడ్రంగిపిట్ట బ్రహ్మం దిగాడు. వాగు మీదికి వంగిన తుమ్మకొమ్మ నుంచి గిజిగాడు వీరేశం వచ్చాడు. బొల్లన్న కాళ్ళ పక్కనే నేల పెగిలి, మట్టి దులుపుకుంటూ పందికొక్కు పోచయ్య పైకి తేలాడు. ముగ్గురూ ఇరుగు పొరుగే. రోజూ పలకరించుకునేవాళ్ళే. ఎవరో పెద్దవాళ్ళ రహస్యమైన పని దొరికిందని ఎవరికి వారు లోలోపల పొంగిపోతూ, పక్కవాడికి చెప్పకుండా తిరిగినవాళ్ళే. పోచయ్యయితే నేల కిందే వచ్చి నేల కిందే పోయాడు గనక, పైన ఎవరి చోటో కూడా చూడలేదు. ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు.

"నాలుగో నిపుణుణ్ణి నేనే," అన్నాడు బొల్లన్న. "గుంజలు నావి."

అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఇంతకీ పని ఎవరిది, పురమాయించిందెవరు, మా పళ్ళేవి, ఈ గుంట ఇలా ఎందుకుంది, నా గూడు ఎద్దు తలమీదికి ఎలా వచ్చింది. ఎటు తిరిగినా చూపులు సోమలింగం మీదికే వచ్చి ఆగుతున్నాయి. బొల్లన్న తలమీది బుట్ట జాగ్రత్తగా దించి పక్కన పెట్టి, అందరూ వినేలా అడిగాడు.

"అల్లుడూ, ఉన్నది ఉన్నట్టు చెప్పు. వీళ్ళు నీ మనుషులేనా?"

సోమలింగం ఆలోచించాడు. ఔనంటే కూలిన గుంజలకు తనే జవాబు చెప్పాలి, పళ్ళు కూడా తనే ఇవ్వాలి. కాదంటే ఏ గొడవా లేదు, రేపు ఇంకేదో చెప్పుకోవచ్చు. వాగు సాక్షిగా చెయ్యెత్తి, వీళ్ళెవరికీ తనెప్పుడూ ఏ పనీ చెప్పలేదన్నాడు. తన నిపుణులు వేరే ఉన్నారని, వాళ్ళ సరుకు దారిలో మారిపోయి ఉంటుందని, వెళ్ళి కనుక్కొస్తానని చెప్పి పొదల్లోకి జారుకున్నాడు.

"అందరూ విన్నారు కదా," అన్నాడు బొల్లన్న. తీరిగ్గా మళ్ళీ నెమరు మొదలుపెట్టాడు.

అప్పుడు పోచయ్య వచ్చి అతని గిట్టల దగ్గర ముక్కు పెట్టి చూశాడు. పోయిన ఏడాది పుళ్ళ మచ్చలు ఇంకా ఉన్నాయి. "ఇదంతా నీ కాళ్ళ కోసమా బొల్లన్నా?" అన్నాడు. "గుంట తవ్వమంటే తవ్వాను. అవతలికి దారి లేకుండా మేం గుంట తవ్వం గదా, పాము దూరితే ఎటు పోవాలి? అది గుంజ కోసమని, గుంజకు పాము భయం ఉండదని నాకెవరు చెప్పారు?"

బ్రహ్మానిదీ అదే గోడు. బెజ్జం పెట్టమన్నారు, పెట్టాడు. బెజ్జమంటే అందులో పిల్లలు పడుకోవాలి కదా, తీగ పడుకుంటుందని అతనికేం తెలుసు? వాన దూరని కప్పు అనగానే వీరేశానికి తన గూడు తప్ప ఇంకోటి తోచలేదు. ఇంటిల్లిపాదీ కూర్చుని నేశారు, వాళ్ళ వంశంలోనే అంత పెద్ద గూడు లేదు. అది చెప్పేటప్పుడు మాత్రం వీరేశం గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

"మీదాకా ఎందుకు," అని బొల్లన్న నవ్వాడు. "గుంజలడిగితే నేను నాగళ్ళు ఏరుకొచ్చాను చూడండి."

అందరూ ఆ వంకర గుంజల వైపు చూసి నవ్వారు. నవ్వుతూనే బ్రహ్మం తల పక్కకు వాల్చి ఇంకోసారి చూశాడు. వంపు లోపలికి పెట్టి ఎదురెదురుగా నిలబెడితే కొసలు పైన కలుస్తాయి, కప్పు వాలుగా వస్తుంది, నీళ్ళు నిలవవు అన్నాడు. ఎవరికి వారు లేచారు. బ్రహ్మం తన బెజ్జాల్ని అవతలికి పొడిచి తీగ పోయేలా చేశాడు. వీరేశం తన గుంపునంతా పిలుచుకొచ్చి రెల్లుగడ్డితో చాపల్లా నేయించాడు. ఆ పెద్ద గూడు మాత్రం పాడుచేయనివ్వలేదు బొల్లన్న, చూరుకు వేలాడదీయమన్నాడు. పోచయ్య గుంటల పక్కదారులన్నీ మట్టితో కూరి, ఒక్కదాన్ని ఉంచేశాడు. పాక చుట్టూ చేరిన నీరంతా అందులోంచి వాగు గట్టుకు పోతుందని, ఇక అక్కడ బురద ఉండదని చెప్పాడు. ఆ దారి తవ్వినప్పుడు అది పొరపాటే. ఎద్దు గిట్టలు చూశాక అదే అసలు పని అయింది.

పొద్దు వాలేసరికి పాక నిలబడింది. బొల్లన్న లోపలికి పోయి ఒళ్ళు విరుచుకుని పడుకున్నాడు. అది చూడగానే సోమలింగం పొదలోంచి బయటికొచ్చాడు.

"పాక నిలబడింది, నువ్వు పడుకున్నావు. మాట ప్రకారం పాదు నాది మావా."

"నీ నిపుణులు వేరే అన్నావు కదా అల్లుడూ, వాగు సాక్షిగా. వాళ్ళు కట్టిన పాక ఎక్కడుందో చూపించు, ఇప్పుడే వచ్చి అందులో పడుకుంటాను. ఇది మా ఇరుగు పొరుగు కట్టింది."

సోమలింగం ఏ మాట తీసినా ఇందాకటి ఒట్టు అడ్డొస్తోంది. ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. బొల్లన్న పాదు దగ్గరికి అందరినీ తీసుకెళ్ళి ఎవరికి నచ్చిన పండు వాళ్ళను తెంపుకోమన్నాడు. తన కూలి కింద తనకు రావాల్సిన పండును తనే తెంపుకుని తిన్నాడు. అన్నేళ్ళుగా తింటున్నా దోసపండు ఇంత తియ్యగా ఎప్పుడూ లేదనిపించింది.

ఒక్క చిన్న పని మిగిలింది. నీళ్ళు పోయే దారి వాగు గట్టున తేలే చోట మట్టి జారకుండా గులకరాళ్ళు పేర్చాలి. పిట్టల ముక్కులకు రాళ్ళు ఆనవు, పోచయ్య తవ్వగలడు గాని మోయలేడు. బొల్లన్న కాసేపు నమిలి, రత్తాలు చెవిలో ఏదో చెప్పాడు. రత్తాలు కిలకిలా నవ్వుకుంటూ ఎగిరిపోయింది.

ఆకలితో కాళ్ళీడ్చుకుంటూ పోతున్న సోమలింగం ముందు వాలింది. "బాబాయ్, చిన్న పనుంది. వాగులోంచి రాళ్ళు తెచ్చి గట్టు కింద ఒక కన్నం చుట్టూ పేర్చాలంట. ఒక దోసపండు ఇస్తారంట. ఎవరిదో మాత్రం చెప్పకూడదంట."

సోమలింగం చెవులు నిక్కపొడుచుకున్నాయి. మర్నాడు పొద్దుటినుంచీ నోటితో రాళ్ళు మోశాడు. పొద చాటున గట్టు కింద పని గనక పైన ఏముందో అతనికి కనబడలేదు, చూడాలని కూడా అనుకోలేదు. చేయించుకునేవాడెవడో ఉత్త అమాయకుడు, ఇంత చిన్న పనికి పండు ఇస్తున్నాడని లోలోపల నవ్వుకున్నాడు కూడా.

ఆఖరి రాయి పెడుతుండగా వాన దిగింది. మామూలు వాన కాదు, వాగు కనబడనంత వాన. కాసేపటికి ఆ కన్నంలోంచి నీళ్ళు బుసబుసా వచ్చి అతని కాళ్ళ మీద పడ్డాయి. ఈ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయా అని గట్టెక్కి చూశాడు. ఎదురుగా పాక. లోపల పొడినేల మీద, పొడి గిట్టలు ముందుకు చాపుకుని బొల్లన్న. చూరు కింద వీరేశం, బ్రహ్మం, మూలన పోచయ్య.

"వచ్చావా నిపుణుడా," అన్నాడు బొల్లన్న. "నీ పండు అదిగో. తడుస్తూ నిలబడతావేం, లోపలికొచ్చి ఇల్లు మొత్తం చూడు."

సోమలింగం తోక ముడుచుకుని లోపలికొచ్చాడు. పండు ముందుకు లాక్కుని కొరికాడు. బయట ఇంకా వాన కురుస్తోంది, లోపల మాత్రం నేల తడవలేదు. నీళ్ళు పోతున్న దారి వైపు అతను చాలాసేపు చూశాడు.

"అది తూము అని ముందే చెప్పుంటే పెద్దరాళ్ళు అడుగున వేసేవాణ్ణి మావా," అన్నాడు నొచ్చుకుంటూ.

పోచయ్య ముందు నవ్వాడు. తర్వాత బ్రహ్మం, వీరేశం, చివరికి నమలడం ఆపి బొల్లన్న. తనేమన్నాడో అప్పుడు తెలిసొచ్చి సోమలింగం తల పండులో దాచుకున్నాడు. వాన వెలిశాక వెళ్ళి ఆ రాళ్ళన్నీ తీసి, పెద్దవి కిందికీ చిన్నవి పైకీ వచ్చేలా మళ్ళీ పేర్చాడు. అందుకు ఎవరూ పండు ఇస్తామనలేదు, అతనూ అడగలేదు. ఆ వానాకాలమంతా బొల్లన్న గిట్టలు పొడిగా ఉన్నాయి.

నీతి: పనిని ఎన్ని ముక్కలు చేసి పంచినా, ముక్క చేసేవాడికి కూడా మొత్తం చూపించాలి.